చెప్పులు బయటే విడవండి

తెలుగునాట కంప్యూటర్ ఉన్న ప్రతి గది ముందూ ఒకప్పుడు చెప్పుల గుట్ట ఉండేది. గుడి దగ్గరైతే డబ్బులిచ్చి చెప్పులు దాచుకోవచ్చు, కంప్యూటర్ సెంటర్ దగ్గర ఆ వసతీ లేదు. కొత్త చెప్పులతో వచ్చినవాళ్ల మనసు పాఠం అయ్యేదాకా గుమ్మం దగ్గరే ఉండేది. ఎందుకు విప్పాలని అడిగితే తలా ఒక జవాబు. దుమ్ము పడుతుందని ఒకరు, ఏసీ పాడవుతుందని ఒకరు. వైరస్ వస్తుందని చెప్పినవాళ్లూ ఉన్నారు. నవ్వకుండానే చెప్పారు.

ఈ ఆచారం గాల్లోంచి ఊడిపడలేదు. 1960ల్లో, 70ల్లో కంప్యూటర్ అంటే గది నిండా బీరువాలు. డిస్కు గిర్రున తిరుగుతుంటే, చదివే హెడ్డు దానికి తగలకుండా పైన తేలుతుంది. ఆ రెండింటి మధ్య సందు మన వెంట్రుక మందంలో చాలా చిన్న వంతు. డిస్కు ప్యాకుల్ని చేత్తో తీసి మార్చే రోజులు కాబట్టి బయటి గాలి వాటికి తగిలేది. ఆ సందులో ఒక్క దుమ్ము కణం ఇరుక్కుంటే చాలు, డిస్కు మీద గీత పడి అందులో ఉన్నదంతా పోయేది. కనుక ఏసీ, మూసిన కిటికీలు, విడిచిన చెప్పులు. అయితే 1973లోనే ఐబీఎం వాళ్లు వించెస్టర్ డిస్కు తెచ్చి హెడ్డునీ పళ్లేలనీ ఒకే పెట్టెలో మూసిపెట్టారు. తర్వాత పీసీల్లోకి వచ్చిన హార్డ్ డిస్కులన్నీ ఆ బాపతే. అంటే మా తెనాలికి కంప్యూటర్ చేరేనాటికి చెప్పులు విప్పాల్సిన కారణం చాలావరకు చెల్లిపోయింది. ఫ్లాపీలకు మాత్రం దుమ్ము గిట్టదు, ఆ మేరకు అది నిజమే.

కారణం పోయాక కూడా ఆచారం మిగిలిపోవడం మనకేమీ కొత్త కాదు. చెప్పులు విప్పడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా దానితోపాటు వచ్చిన భక్తి మీదే. దసరాకి మానిటర్‌కి బొట్టు పెట్టి, సీపీయూ మీద నిమ్మకాయ ఉంచి, మిగతా రోజుల్లో గుడ్డ కప్పి తాళం వేసే భక్తి. అలా పూజలందుకున్న చోట మనవాళ్లు కంప్యూటర్ నేర్చుకోలేదు. నేర్చుకున్నది మేడ మీద గదుల్లో, దాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చిన చోట. ఈ ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నిజానికి మన దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడం కంటే తయారుచేయడమే ముందు మొదలైంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. దాన్ని నిలబెట్టినవారు అయ్యగారి సాంబశివరావుగారు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదదే. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపకల్పన జరిగిన టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత ఈసీఐఎల్ నుంచి టీడీసీ-312, టీడీసీ-316 వరసపెట్టి వచ్చాయి. అవన్నీ పరిశోధన సంస్థలకూ పెద్ద పెద్ద కార్యాలయాలకూ వెళ్లాయి. ఊళ్లో జనానికి మాత్రం ఈసీఐఎల్ అంటే బస్సు దిగే క్రాస్ రోడ్డు.

మామూలు ఇళ్ల పిల్లల వేళ్లు మొదట పడింది టైపు మిషన్ మీద. గోద్రెజ్ 1955లో దేశీయంగా తొలి టైపు మిషన్ తెచ్చింది. రెమింగ్టన్, హాల్డా, ఫేసిట్ కూడా అలవాటైన పేర్లే. డిగ్రీ అయ్యాక ఉద్యోగమో పెళ్లో కుదిరేలోపు ఆడపిల్ల అభ్యంతరం లేకుండా వెళ్లగలిగిన చోటు మా ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూటే. "ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే, టైపుకన్నా వెళ్లు" అని మా మేనత్త పోరితే నేను బోస్ రోడ్డులో ఒక మేడ మెట్లెక్కాను. కింద బట్టల కొట్టు, పైన టకటకలు. ఒకేసారి పదిహేను మిషన్లు మోగుతుంటే మాస్టారు ఏమన్నదీ ఎవరికీ వినపడేది కాదు. అందుకే ఆయన చెప్పదలచుకున్నది పెన్సిల్‌తో కాగితం మీదే రాసి పోయేవారు.

ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. మొదటి రోజుల్లో ఇదే పని. కీల వంక చూస్తే మాస్టారు దగ్గేవారు. దగ్గారంటే తల ఎత్తమని అర్థం. కుడి మార్జిన్ దగ్గరకొస్తే గంట మోగుతుంది, ఎడమ చేత్తో లీవర్ నెడితే బండి వెనక్కెళ్తుంది. టెక్నికల్ ఎడ్యుకేషన్ బోర్డు పరీక్షల్లో లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. పరీక్ష రోజున ఎవరి మిషన్ వాళ్లు రిక్షాలో వేసుకుని సెంటర్‌కి వెళ్లాలి. ఒళ్లో పెట్టుకున్న మిషన్ ఎక్కడ కుదుపుకి పాడవుతుందోనని గుంతల దగ్గర రిక్షా ఆపించి దిగి నడిచినవాళ్లున్నారు. పెళ్లిచూపుల్లో "అమ్మాయి టైపు హయ్యర్ పాసైంది" అని చెప్పేటప్పుడు గొంతు కాస్త పెరిగేది. సంగీతం కంటే ఒక మెట్టు పైన, బీఈడీ కంటే ఒక మెట్టు కింద.

ఆ గదిలో దేవుడి పటం ఉండేది, ఊదొత్తి వెలిగేది, కానీ మిషన్‌కి ఎవరూ మొక్కేవారు కాదు. దాన్ని రోజంతా బాదేవారు. రిబ్బన్ ఇరుక్కుంటే మనమే తీయాలి, చేతులకు నల్లటి ఇంకు అంటితే మనమే కడుక్కోవాలి. నెలకోసారి మెకానిక్ వచ్చి బ్రష్షుతో దులిపి, నూనె చుక్కలు వేసి, విరిగిన టైపు కడ్డీని అతికించి పోయేవాడు. మాస్టారికి మిషన్ ఆస్తి, మాకు పనిముట్టు. ఎవరెంతసేపు కూర్చున్నారో రిజిస్టర్‌లో పక్కాగా ఉండేది. గంట అయ్యేసరికి తర్వాతి బ్యాచ్ మన కుర్చీ వెనకే నిలబడి ఉంటుంది.

బళ్ల సంగతి వేరు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం తెచ్చింది. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అన్నదానికి పొడి అక్షరాలవి. మొదటి విడతలో దేశంలో సుమారు 250 బళ్లను ఎంచుకుని బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లిచ్చారు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌కి చెందిన ఎకార్న్ కంపెనీ బీబీసీ వారి కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమం కోసం తయారుచేసిన మిషన్ అది. 32 కేబీ మెమరీ, పైవరసలో ఎర్రటి ఫంక్షన్ కీలు. స్విచ్ వేయగానే బేసిక్ సిద్ధంగా ఉంటుంది, రెండు లైన్లు రాస్తే తెరంతా రంగులు. అక్కడ పిల్లలు ఇళ్లలో దాని మీద ఆటలు రాసుకుని అమ్ముకున్నారు కూడా. మన దగ్గర అది ప్రిన్సిపాల్ గారి తాళంచెవుల గుత్తికి ఇంకో తాళంచెవిని చేర్చింది.

పథకాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఆలోచన మంచిది, మిషన్ ఇంకా మంచిది. కానీ బడికి కొన్ని మిషన్లు, తరగతికి యాభై మంది, శిక్షణంటూ కొద్ది రోజులు వెళ్లొచ్చిన ఒక లెక్కల మాస్టారు. పాడైతే జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆ స్థానంలో నేనున్నా తాళమే వేసేదాన్నేమో. అలా బీరువాల్లో ఉండిపోయిన ఆ మిషన్ వంశం మాత్రం ఆగలేదు. బీబీసీ మైక్రోని రూపొందించిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్లే తర్వాత ఏఆర్ఎం ప్రాసెసర్ తయారుచేశారు. 1985లో తొలి చిప్ చేతికొస్తే దాన్ని బీబీసీ మైక్రోకే తగిలించి పరీక్షించారు. ఇవాళ మన జేబులోని ఫోన్‌లో నడిచేది ఆ చిప్ సంతానమే.

బళ్లలో అలా ఉంటే, ఇటు మా టైపు మాస్టారు మిషన్ల మధ్య ప్లైవుడ్ అడ్డం పెట్టించి, అద్దాల తలుపు బిగించి, ఏసీ పెట్టించారు. కింద బోర్డు మీద టైప్ అన్న మాట పక్కన "అండ్ కంప్యూటర్స్" అని కొత్త రంగు పడింది. కడుపు కట్టుకుని అప్పు చేసి కొన్న పీసీ-ఎక్స్‌టీ, నలుపు తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. చెప్పుల ఆచారం మాకు ఆ అద్దాల తలుపుతోనే వచ్చింది. అటు టైపు గదిలోకి చెప్పులతోనే వెళ్లొచ్చు, ఇటు కూడదు. కానీ ఆయన అప్పు తీర్చాలి కాబట్టి తాళం వేసి కూర్చోలేరు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా గంటకొక బ్యాచ్. టైపు రిజిస్టరే, పేరొక్కటే మారింది. ఫీజు మాత్రం పదింతల పైనే.

డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ త్రీ ప్లస్. కొంచెం పెద్ద సెంటర్లలో బేసిక్, కోబాల్. ఇంకొంచెం పెద్దవి పీజీడీసీఏ అని ఒక డిప్లొమా పేరు తగిలించేవి. 1990లో ప్రభుత్వమే డోయెక్ పేరుతో ఓ లెవెల్, ఎ లెవెల్ పరీక్షలు పెట్టింది. అది కష్టమైన పరీక్ష, అందుకే మా వైపు ఎక్కువమంది పీజీడీసీఏ వైపే మొగ్గారు. చదువు నాణ్యత గురించి గొప్పలు చెప్పను. డీబేస్ కమాండ్లను ఎక్కాల మాదిరి వల్లె వేయించిన సెంటర్లు నేనెరుగుదును.

అయినా అక్కడ ఒక మేలు జరిగింది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు అంటే వణికే పిల్ల, సీ ప్రాంప్ట్ దగ్గర ఏదో తప్పు కొట్టేది. "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్" అని వచ్చేది. అంతే. గోడకుర్చీ లేదు, నలుగురిలో నవ్వులాట లేదు. మళ్లీ కొట్టొచ్చు. తప్పు చేస్తే ఏమీ కాదని ఆ పిల్లకు బడిలో ఎవరూ చెప్పలేదు, ఆకుపచ్చ అక్షరాలు చెప్పాయి. నేను తర్వాత అదే గదిలో పాఠం చెప్పడానికి కుదురుకున్నప్పుడు కొత్తవాళ్లతో మొదటి గంటంతా కావాలనే తప్పులు కొట్టించేదాన్ని. మాస్టారికి అది డబ్బు దండగ అనిపించేది.

ఇక చెప్పులతో వస్తుందన్న ఆ వైరస్ సంగతి. పీసీలకు పాకిన తొలి వైరస్ బ్రెయిన్. లాహోర్‌కి చెందిన ఇద్దరు అన్నదమ్ములు 1986లో రాశారు. అందులో తమ చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు, ఇప్పటి దొంగలు నేర్చుకోవాల్సిన మర్యాద. అది ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకేది. ఆ ఫ్లాపీలేమో ఆటల కోసం చేతులు మారేవి. మా సెంటర్లో చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికొచ్చి, జేబులోంచి ఊరంతా తిరిగొచ్చిన ఫ్లాపీ తీసి దర్జాగా మిషన్లో దూర్చేవారు.

పెళ్లయ్యాక హైదరాబాద్ చేరాను. అప్పటికి కంప్యూటర్ కోర్సుల అడ్డా అమీర్‌పేట వేడెక్కి ఉంది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. పత్రికల నిండా హైటెక్ సిటీ ఫొటోలే. కానీ ఉద్యోగాల దారి మైత్రీవనం మెట్ల మీదుగా పోయేది. ఆదిత్య ట్రేడ్ సెంటర్, ఆదిత్య ఎన్‌క్లేవ్, చుట్టుపక్కల సందులన్నీ బోర్డులే. బోర్డు మీద సంస్థ పేరు చిన్నది, పాఠం చెప్పే మాస్టారి పేరు పెద్దది, సినిమా పోస్టరు మీద హీరో పేరంత. సాయంత్రం బస్టాపులో దిగితే పది అడుగుల్లో చేతినిండా కరపత్రాలు. డెమో క్లాసు ఉచితం, నచ్చితేనే డబ్బు కట్టాలి. నచ్చకపోతే ఎదురు మేడ మీద ఇంకో డెమో. ఏ విశ్వవిద్యాలయమూ విద్యార్థికి ఇవ్వని హక్కు అది. ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లలో ఉంటూ డెమోలు మాత్రమే విని సగం కోర్సు పూర్తిచేసిన ఘనులున్నారు.

ఆ వేడికి కారణం వైటూకే. మెమరీ బంగారంతో సమానమైన రోజుల్లో కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు, 1967కి 67. 2000 వచ్చేసరికి 00 అవుతుంది, లెక్క వెనక్కి నడుస్తుంది. అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో కోట్ల లైన్లు తిరగేసి దిద్దాలి. అక్కడి కుర్రాళ్లు కోబాల్ ఎప్పుడో వదిలేశారు. మనవాళ్లు వెళ్లి దిద్దాలంటే హెచ్1బీ వీసా కావాలి, వాటి పరిమితి ఏడాదికి 65,000 ఉండేది. 1999, 2000లకు దాన్ని 1,15,000 చేశారు, తర్వాత మూడేళ్లకు 1,95,000. ఆ అంకెలు అమెరికా పార్లమెంటులో మారితే అమీర్‌పేటలో బ్యాచ్‌ల టైమింగులు మారేవి.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. నేను చేరిన మెయిన్‌ఫ్రేమ్ కోర్సులో మెయిన్‌ఫ్రేమ్ లేదు. ఎలా ఉంటుంది, దాని ఖరీదు కోట్లు. హాల్లో వందమందికి పైగా కిక్కిరిసి కూర్చుంటే మాస్టారు బోర్డు మీద సుద్దముక్కతో మెయిన్‌ఫ్రేమ్ ఆదేశాల భాష జేసీఎల్ రాసేవారు. ఏ కామా మరిచిపోతే ఏ ఎర్రర్ వస్తుందో, ఆ ఎర్రర్ అంకెతో సహా చెప్పేవారు. చెరువు గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టు నేర్చుకున్నాం, తీరా నీళ్లలో దిగాక చాలామంది తేలారు. ఎలాగంటారా? వాళ్లంతా ఏ ఖమ్మంలోనో, కడపలోనో, తెనాలిలోనో మేడ మీద గదిలో అప్పటికే తప్పులు కొట్టి కొట్టి వచ్చినవాళ్లు. వేళ్లకి భయం పోయింది కాబట్టి బోర్డు సరిపోయింది. ఆ గదులు చూడకుండా నేరుగా ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్లు తడబడటం నేను పక్క బెంచీలోంచి చూశాను.

లేని అనుభవాన్ని రెజ్యూమేల్లో పుట్టించిన దుకాణాలూ ఆ సందుల్లోనే ఉండేవి. అమీర్‌పేటను మెచ్చుకునేవాళ్లు ఈ మాట మింగేస్తారు. ఆ అబద్ధాల బరువు నిజంగా నేర్చుకున్నవాళ్లే మోశారు, ఇంటర్వ్యూలో హైదరాబాద్ అనగానే అవతలివాళ్ల కనుబొమలు లేచేవి. 2000 మార్చిలో నాస్‌డాక్ శిఖరమెక్కి జారడం మొదలయ్యాక, 2001 కల్లా సూట్‌కేసులతో తిరిగొచ్చినవాళ్లు మళ్లీ అవే మెట్లెక్కారు. ఈసారి జావా, డాట్‌నెట్. తర్వాత టెస్టింగ్ టూల్స్, ఎస్‌ఏపీ, హడూప్, డెవాప్స్. పాత బోర్డు మీదే కొత్త ఫ్లెక్సీ. 2017 నవంబరులో మెట్రో వచ్చి అమీర్‌పేట రైలు మారే స్టేషన్ అయింది. 2020లో కరోనాతో హాళ్లు మూతపడి పాఠాలు ఆన్‌లైన్‌కి ఎక్కాయి, చాలావరకు అక్కడే ఉండిపోయాయి. ఈ వరస మొదలైన టైపు మిషన్ల తయారీనైతే గోద్రెజ్ 2009లోనే ఆపేసింది.

మరి బళ్లు? 2004 చివర్లో కేంద్రం ఐసీటీ ఎట్ స్కూల్స్ అనే పథకం తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో గదులు సిద్ధం చేసి, మిషన్లు పెట్టి, బోధకుల్ని నియమించి, గడువు తీరాక బడికి అప్పగించే పద్ధతిలో ప్రైవేటు సంస్థలకు కాంట్రాక్టులిచ్చారు. గడువు తీరింది. బోధకులు పోయారు, మిషన్లు మిగిలాయి. నెలకోసారి నూనె డబ్బాతో వచ్చే మెకానిక్ లాంటివాడికి జీతం ఏ పద్దు కిందా లేదు. 2022 డిసెంబరు 21న మా తెనాలి పక్కనే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వ బళ్లకు ట్యాబుల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా. వాటిలో బైజూస్ అనే కంపెనీ పాఠాలు. 2024లో ఆ కంపెనీయే దివాలా కోర్టు మెట్లెక్కింది. అయినా ఆ పంపిణీలో ఒకటి నాకు నచ్చింది, మిషన్ పిల్ల చేతిలో పెట్టి ఇంటికి పంపడం. నచ్చనిది, అది పాఠాలు చూపించే పెట్టె మాత్రమే కావడం. వీడియో చూడొచ్చు, దానికి పని చెప్పడానికి లేదు. బీబీసీ మైక్రో 32 కేబీతో ఇచ్చిన స్వేచ్ఛ ఇందులో లేదు.

ఇప్పుడు ఏఐ రోజులు. ఉద్యోగాలు పోతాయని భయం. ఆ భయమూ పాతదే, 1983లో బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద యూనియన్లు ఎన్ని షరతులు పెట్టి ఒప్పందం రాసుకున్నాయో అప్పటి క్యాషియర్లను అడగండి. ఇటు 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అనగానే మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో నాలుగు రోజులు వేరే మాట లేదు. ఆ పక్కనే ఇంకో కబురు, 2026-27 నుంచి మూడో తరగతి పిల్లలకే ఏఐ పాఠాలు చెబుతారని. చెప్పనీయండి, నాకు సంతోషమే. ఆ కాగితాలు చేతికొస్తే మాత్రం నేను సిలబస్ చూడను. ఒక్కో పిల్లకు వారానికి ఎన్ని గంటలు మిషన్ దక్కుతుందో ఆ అంకె ఎక్కడుందా అని చూస్తాను. బోస్ రోడ్డు మేడ మీద రిజిస్టర్‌లో అది మొదటి గడిలోనే ఉండేది. రోజుకు గంట, వారానికి ఆరు రోజులు.